విదేశంలో కాపురం ఉంటూనే అమెరికాకి స్పాన్సర్ చేయడం: ఫైల్ ఆగేది ఎక్కడ?

అమెరికా పౌరసత్వం ఉన్న ఒకామె ఉద్యోగం మీద వేరే దేశం వెళ్లింది అనుకుందాం. అక్కడే అతను పరిచయమయ్యాడు, అక్కడే పెళ్లయింది, అక్కడే నాలుగేళ్లుగా కాపురం. అతను అమెరికా పౌరుడు కాదు. ఇప్పుడు ఇద్దరూ అమెరికా వెళ్లి స్థిరపడదామనుకుంటున్నారు. ఆమెకి టికెట్ కొనుక్కుంటే చాలు. అతనికి ఇమిగ్రెంట్ వీసా రావాలి. దానికి ఆమె స్పాన్సర్ చేయాలి.

ఇక్కడికి వచ్చాక చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది. "నువ్వు ముందు వెళ్లు, ఉద్యోగం చూసుకో, ఇల్లు తీసుకో, అక్కడి నుంచి ఫైల్ చెయ్యి, వీసా రాగానే నేనొస్తా." అలా వెళ్లినవాళ్లు ఏడాదో, ఏడాదిన్నరో ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉండిపోతారు. రెండు చోట్లా అద్దెలు కట్టాలి. పిల్లలుంటే వాళ్లు ఎవరో ఒకరి దగ్గరే పెరగాలి. ఇదంతా చట్టం అడిగితే పడుతున్న కష్టమా అంటే, కాదు. దరఖాస్తు వేసే రోజుకి స్పాన్సర్ అమెరికాలో కాపురం ఉండి తీరాలన్న నిబంధన ఎక్కడా లేదు. విదేశంలో ఉంటూనే ఫైల్ చేయొచ్చు, కేసు నడిచినంత కాలం కలిసే ఉండొచ్చు, చివరికి ఇద్దరూ ఒకే విమానంలో దిగొచ్చు. కాకపోతే ఆ దిగే రోజు నిజంగా వస్తుందని కాగితాల్లో కనిపించాలి. విదేశంలో ఉండే జంటల ఫైళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

దారి మొత్తం ఒకసారి

మొదటి మెట్టు ఐ-130 పిటిషన్. భార్యాభర్తల బంధం ఉందని, అది నిజమైనదని ఇమిగ్రేషన్ శాఖకి, అంటే యూఎస్‌సీఐఎస్‌కి, చెప్పే దరఖాస్తు ఇది. ఒకప్పుడు విదేశాల్లోని ఆ శాఖ ఆఫీసుల్లోనో కాన్సులేట్లలోనో నేరుగా ఇచ్చేసే వీలుండేది, పని త్వరగా తేలేది. 2020 ఫిబ్రవరి 1 నుంచి ఐ-130లన్నీ అమెరికాలోనే పరిశీలించడం మొదలైంది. సైనికులకి, అత్యవసర వైద్యం లాంటి ప్రత్యేక పరిస్థితులకి మాత్రమే కాన్సులేట్లు మినహాయింపు ఇస్తాయి. మిగతావాళ్లు ఏ దేశంలో ఉన్నా ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లేదా పోస్టులో పంపొచ్చు. 2024 ఏప్రిల్‌లో మారిన ఫీజు ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675.

పౌరుల భార్యాభర్తలకి ఏడాదికి ఇన్నే వీసాలన్న కోటా లేదు. గ్రీన్ కార్డ్ మాత్రమే ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల భార్యాభర్తలు ఎఫ్2ఏ అనే కోటా వరసలో నిలబడాలి. పైగా అమెరికా బయట ఏళ్ల తరబడి కాపురం ఉంటే గ్రీన్ కార్డే చేజారే ప్రమాదం ఉంది, కార్డు పోతే స్పాన్సర్ చేసే హక్కూ దానితోనే పోతుంది. అందుకే ఈ వ్యాసంలో స్పాన్సర్ అంటే పౌరులనే అర్థం.

పిటిషన్ ఆమోదం పొందాక ఫైల్ న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. వీసా దరఖాస్తుకి 325 డాలర్లు, ఆర్థిక హామీ పరిశీలనకి 120 డాలర్లు కట్టి, డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని సెంటర్ తేల్చాక కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ వరస. మొదటి నుంచి చివరి దాకా ఏడాది దాటడం మామూలే.

పెళ్లి రుజువు చేయడం వీళ్లకి తేలిక

చాలామంది భయపడేది పెళ్లి నిజమని నమ్మించడం గురించి. కలిసి ఉండే జంటకి ఈ భయం అంతగా అక్కర్లేదు. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, ఒకే చిరునామాకి వచ్చే బిల్లులు, జాయింట్ అకౌంట్, ఇన్సూరెన్స్‌లో నామినీగా భార్య లేదా భర్త పేరు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. ఇవి నాలుగేళ్ల కాపురంలో వాటంతట అవే పోగవుతాయి. ఒకరి ఉద్యోగం మీద ఇంకొకరు డిపెండెంట్ వీసాలో ఆ దేశంలో ఉంటున్నారా? అయితే ఆ దేశ ప్రభుత్వం కూడా ఆ పెళ్లిని గుర్తించినట్టే, ఆ కాగితాన్ని కూడా జత చేయాలి. ఇంగ్లీషులో లేని ప్రతి డాక్యుమెంటుకీ పూర్తి అనువాదం, దానితో అనువాదకుల ధ్రువీకరణ ఉండాలి. ఏళ్ల తరబడి వేర్వేరు దేశాల్లో ఉండే జంటలు ఫోన్ కాల్స్, టికెట్లు, ఫోటోలతో బంధాన్ని చూపించుకోవాల్సి వస్తుంది. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకి ఆ ఇల్లే సాక్ష్యం. విచిత్రమేమిటంటే, ఐ-130 దగ్గర బలాన్నిచ్చిన ఆ ఇల్లే తర్వాతి మెట్టు దగ్గర ప్రశ్నగా మారుతుంది.

చిన్న గడి, పెద్ద ప్రశ్న

ఆర్థిక హామీ పత్రం పేరు ఐ-864. అందులో స్పాన్సర్ వివరాలు రాసే చోట ఒక చిన్న గడి ఉంటుంది. డొమిసైల్ ఏ దేశంలో అని అడుగుతుంది. ఆ గడి దగ్గర నిజాయితీపరులే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఇప్పుడు ఉంటున్నది వేరే దేశంలో కదా అని ఆ దేశం పేరు రాసి, ఇంకేమీ జత చేయకుండా పంపేస్తారు. అక్కడితో ఫైల్ ఆగుతుంది. స్పాన్సర్‌కి అమెరికాలోగానీ, దాని అధీనంలోని ప్రాంతాల్లోగానీ డొమిసైల్ ఉండాలన్నది చట్టంలో ఉన్న షరతు మరి.

డొమిసైల్‌ని ఉత్త చిరునామా అనుకోకూడదు. ముఖ్య నివాసం ఉన్న చోటు, ఇకముందు కూడా అక్కడే ఉండాలన్న ఉద్దేశంతో పెట్టుకున్న చోటు అని నిబంధనల్లో ఉంది. విదేశంలో ఉండే పౌరులకి దీన్ని నెగ్గడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, అసలు డొమిసైల్ పోనే లేదని చూపడం. అమెరికా ప్రభుత్వ ఉద్యోగం మీద, విదేశీ వ్యాపారం పెంచే అమెరికన్ కంపెనీ పని మీద, గుర్తింపు పొందిన అమెరికన్ పరిశోధన సంస్థ తరఫున, అమెరికాకి సభ్యత్వం ఉన్న అంతర్జాతీయ సంస్థలో, లేదా మత సంస్థ సేవలో తాత్కాలికంగా బయట ఉన్నవాళ్లని అమెరికాలో ఉన్నట్టే లెక్కిస్తారు. కంపెనీ ఇచ్చిన పోస్టింగ్ లెటర్ ఉంటే పని చాలావరకు అయిపోతుంది.

రెండోది, ఈ జాబితాలో లేకపోయినా బయట ఉండటం తాత్కాలికమేనని, అమెరికాతో బంధాలు తెగలేదని చూపడం. నిర్ణీత కాలం చదువుకో, కాంట్రాక్టు ఉద్యోగానికో వెళ్లినవాళ్లకి ఇది కుదురుతుంది. అక్కడ సొంత ఇల్లు ఉండటం, ఓటు వేస్తూ ఉండటం, పన్ను దాఖలు చేస్తూ ఉండటం సాయపడతాయి.

మూడో దారే మన కథలోని జంటకి పనికొచ్చేది. డొమిసైల్ పోయిందని ఒప్పుకుని, భార్య లేదా భర్త ఇమిగ్రెంట్‌గా అడుగుపెట్టే రోజుకో, అంతకు ముందో తిరిగి ఏర్పరచుకుంటామని చూపడం. అడుగుపెట్టే రోజుకి అన్న ఆ మాటే ఇక్కడ కీలకం. ఏడాది ముందు వెళ్లి కూర్చోవాలని అందులో లేదు. స్పాన్సర్ ముందు దిగినా, ఇద్దరూ కలిసి దిగినా సరే. వీసా వచ్చినవాళ్లు ముందు వెళ్లిపోయి, స్పాన్సర్ ఎప్పుడో తర్వాత వెళ్లడం మాత్రం కుదరదు.

నోటిమాటతో ఇది తేలదు కాబట్టి తిరుగు ప్రయాణం కాగితాల్లో కనబడాలి. ఇందులో ఖర్చు లేని పనులు, ఖర్చయ్యే పనులు అని రెండు రకాలున్నాయి. ఖర్చు లేనివి పిటిషన్ వేసిన రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. అమెరికా బ్యాంకు అకౌంట్‌ని బతికించుకోవడం, అందులోకి కొంత కొంత సొమ్ము పంపడం, చివరిసారి ఉన్న రాష్ట్రంలో విదేశీ ఓటరుగా నమోదు చేసుకోవడం, డ్రైవింగ్ లైసెన్స్ గడువు దాటిపోకుండా చూసుకోవడం, దిగాక ఎక్కడ ఉంటారో ముందే అనుకోవడం లాంటివి. అమ్మానాన్నల ఇల్లో, తోబుట్టువుల ఇల్లో అయితే, మా ఇంట్లోనే ఉంటారని వాళ్లు రాసిచ్చిన ఉత్తరం, ఆ ఇల్లు వాళ్లదని చూపే కాగితం చాలా సందర్భాల్లో సరిపోతాయి.

ఖర్చయ్యే పనులు మాత్రం తొందరపడి చేయకూడదు. ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడో తెలియకుండా ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, అమెరికాలో ఇల్లు అద్దెకి తీసుకుని ఖాళీగా ఉంచడం అనవసరమైన టెన్షన్. డాక్యుమెంట్లన్నీ సరిపోయాయని వీసా సెంటర్ నుంచి కబురు వచ్చాక ఉద్యోగ దరఖాస్తులు, ఇంటర్వ్యూల ఈమెయిళ్లు, పిల్లల స్కూలు వాకబు, సామాను తరలించే కంపెనీల కొటేషన్లు, ఇప్పటి ఇంటి ఓనర్‌కి ఖాళీ చేస్తామని ఇచ్చే నోటీసు ఒక్కొక్కటిగా పోగుచేసుకోవచ్చు. వీటన్నిటి మీదా ఒక పేజీ ఉత్తరం పెట్టాలి. ఎందుకు బయటికి వెళ్లారు, ఎప్పుడు తిరిగి వెళ్తున్నారు, ఎక్కడ దిగుతారు, ఏం చేస్తారు అన్నది తేదీలతో సహా అందులో ఉండాలి. వీలైనప్పుడు వెళ్తాం అన్న ఉత్తరం చదివిన ఆఫీసర్‌కి ఏమీ తెలియదు. ఆగస్టులో పిల్లల స్కూలు తెరిచేలోపు దిగుతాం, మా అన్నయ్య ఇంట్లో ఉంటాం, మూడు కంపెనీల్లో ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి అన్న ఉత్తరం చదివితే మనుషులు కళ్ల ముందు కనిపిస్తారు.

ఇంటర్వ్యూలో ఇది చాలలేదనిపిస్తే ఆఫీసర్ వలస చట్టంలోని 221(జి) సెక్షన్ కింద వీసా ఆపి, ఇంకా రుజువులు అడుగుతారు. అది శాశ్వతంగా తిరస్కరించడం కాదు. అడిగినవి ఏడాదిలోగా ఇస్తే అదే కేసు మళ్లీ కదులుతుంది.

ఆదాయం ఉంది, కానీ లెక్కలోకి రాదు

ఐ-864లో రెండో షరతు డబ్బు. కుటుంబ పరిమాణాన్ని బట్టి పేదరిక రేఖకి 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్క ప్రకారం భార్యాభర్తలు ఇద్దరే అయితే 26,437 డాలర్లు, ఒక బిడ్డ కూడా ఉంటే 33,312. అలాస్కా, హవాయిలకి ఇంకాస్త ఎక్కువ. ఈ అంకెలు ఏటా మారతాయి.

విదేశంలో మంచి జీతం వచ్చేవాళ్లు ఈ అంకె చూసి ఊపిరి పీల్చుకుంటారు. తొందరపడకూడదు. అమెరికా వెళ్లాక కూడా అదే చోటు నుంచి రాబోయే ఆదాయమే లెక్కలోకి వస్తుంది. అక్కడి ఉద్యోగం మానేసి వెళ్తుంటే ఆ జీతం ఎంతైనా ఉపయోగం లేదు. అదే కంపెనీ అమెరికా ఆఫీసుకి బదిలీ చేస్తున్నా, ఎక్కడి నుంచైనా చేసుకోగలిగే ఉద్యోగం అలాగే కొనసాగుతున్నా యజమాని నుంచి ఆ సంగతి రాయించి తెచ్చుకోవాలి. వీసాకి వెళ్లే భర్త లేదా భార్య ఆదాయం కూడా ఇదే షరతు మీద కలుపుకోవచ్చు. అమెరికాలో కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్ ఉంటే డొమిసైల్‌కి గట్టి రుజువే, కానీ ఆదాయం కింద దానికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఆఫీసర్ చూసి నిర్ణయించే విషయం.

ఆదాయం చాలకపోతే ఆస్తులు చూపొచ్చు. పౌరుల భార్యాభర్తల విషయంలో, తగ్గిన మొత్తానికి మూడింతలు ఉంటే చాలు. కొనసాగే ఆదాయం 15,000 డాలర్లే ఉందనుకుంటే, ఇద్దరి కుటుంబానికి తగ్గింది 11,437. దానికి మూడింతలు 34,311. ఆదాయం అసలే లేకపోతే సుమారు 79,300 కావాలి. పొదుపు, షేర్లు, అమ్మితే ఏడాదిలోపు సొమ్ము చేసుకోగల ఇల్లూ స్థలమూ అన్నీ పనికొస్తాయి. అప్పులు తీసేయగా మిగిలేదే లెక్క. ఆ సొమ్ముని ఆ దేశం నుంచి బయటికి తీసుకెళ్లే వీలుందని కూడా చూపాలి.

పన్నుల దగ్గర ఇంకో మెలిక ఉంది. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా, ఆదాయం పరిమితి దాటితే ఏటా అమెరికా పన్ను రిటర్న్ వేయాలి. బయట ఉంటున్నాం కదా అక్కర్లేదనుకుని ఏళ్ల తరబడి వదిలేసినవాళ్లకి ఆ సంగతి ఐ-864 నింపే రోజున తెలిసొస్తుంది. కావాలని ఎగ్గొట్టింది కాకపోతే, గత మూడేళ్ల రిటర్న్‌లు, ఆరేళ్ల విదేశీ బ్యాంకు ఖాతాల రిపోర్టులు దాఖలు చేసి సరిచేసుకునే పద్ధతి ఒకటి విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఉంది. ఈ పని ఐ-130 వేసినప్పుడే మొదలుపెడితే, ఆర్థిక హామీ దశ వచ్చేసరికి ట్రాన్‌స్క్రిప్ట్, అంటే పన్ను శాఖ ఇచ్చే రిటర్న్ సారాంశం, చేతిలో ఉంటుంది.

రిటర్న్ క్రమం తప్పకుండా వేసేవాళ్లకి కూడా ఒక ఇబ్బంది ఉంది. విదేశీ సంపాదనకి మినహాయింపు ఉంటుంది, 2024లో ఆ పరిమితి 126,500 డాలర్లు. 90,000 సంపాదించి అంతా మినహాయించుకుంటే, పన్ను రిటర్న్ వేసే 1040 ఫారంలో మొత్తం ఆదాయం అన్న గడిలో సున్నా కనిపిస్తుంది. ఐ-864 అడిగేది ఆ గడిలోని అంకెనే. అందుకే ఆ మినహాయింపు కోరే 2555 ఫారంతో సహా రిటర్న్ మొత్తం జత చేసి, సున్నా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాల్లో రాయాలి. మినహాయింపుకి బదులు విదేశంలో కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకుంటే ఆదాయం పూర్తిగా కనిపిస్తుంది. అయితే ఒకసారి మినహాయింపు వదులుకుంటే, అనుమతి లేకుండా ఐదేళ్ల దాకా మళ్లీ తీసుకోలేరు. పన్ను తెలిసినవాళ్లని అడక్కుండా అటూ ఇటూ మారకూడదు.

జాయింట్ స్పాన్సర్‌ని సంతకం అడిగే ముందు

డబ్బు లెక్క కుదరనప్పుడు అమెరికాలో ఉండే పౌరులో, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లో జాయింట్ స్పాన్సర్‌గా రావొచ్చు. బంధువే కావాలని లేదు. ఇక్కడ రెండు సంగతులు గట్టిగా చెప్పుకోవాలి.

ఒకటి, జాయింట్ స్పాన్సర్ తీర్చేది డబ్బు లోటు మాత్రమే. డొమిసైల్ లోటుని వాళ్లు తీర్చలేరు. పౌరులైన భార్య లేదా భర్త తన ఐ-864 తాను ఇవ్వాల్సిందే, తన డొమిసైల్ తాను చూపాల్సిందే. మామగారు సంతకం పెట్టారు కదా అని ధీమాగా ఇంటర్వ్యూకి వెళ్లి, ఈ ఒక్క కారణంతో ఆగిపోవడం కన్నా బాధ ఉండదు.

రెండోది, ఐ-864 అంటే వచ్చే వ్యక్తి పోషణకి హామీ ఇస్తూ ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. దాన్ని లాంఛనం అనుకోకూడదు. వచ్చిన వ్యక్తి పౌరసత్వం తీసుకునేదాకా, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ల పని, పూర్తయ్యేదాకా, లేదా శాశ్వతంగా దేశం వదిలేదాకా, లేదా మరణించేదాకా ఆ బాధ్యత ఉంటుంది. విడాకులతో అది పోదు. ఈ మాట స్పాన్సర్‌కీ వర్తిస్తుంది, జాయింట్ స్పాన్సర్‌కీ వర్తిస్తుంది. సంతకం పెట్టబోయే అన్నయ్యకో బావగారికో ఇది ముందే విడమరిచి చెప్పడం కనీస ధర్మం. మొహమాటానికి సంతకం చేయించుకుంటే తర్వాత బంధాలు చెడిపోతాయి.

ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి

గ్రీన్ కార్డ్ అమెరికాలో నివసించేవాళ్ల కోసం. ఎప్పటికైనా పనికొస్తుందని తీసుకుని, బయటే ఉండిపోవడానికి అది పనికిరాదు. రెండు మూడేళ్లలో వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆగడమే మంచిది. భార్యాభర్తల కేటగిరీకి కోటా లేదు కాబట్టి ఆగితే వరసలో వెనకబడటం అంటూ ఉండదు. పైగా పిటిషన్ వేశాక టూరిస్ట్ వీసా మీద అమెరికా చూసొద్దామంటే, వలస వెళ్లే ఉద్దేశం కాగితం మీద పెట్టినట్టే కాబట్టి ఆ వీసా రావడం కష్టమవుతుంది. పిటిషన్ ఆమోదం పొందాక ప్రయాణం వాయిదా పడితే, ఏడాదికి ఒకసారైనా వీసా సెంటర్‌ని పలకరిస్తూ ఉండాలి. ఏడాది పాటు ఉలుకూ పలుకూ లేకపోతే కేసు మూసేసే అధికారం వాళ్లకుంది.

ఆగకూడని సందర్భం ఒకటుంది. వీసాకి వెళ్లే భార్యకో భర్తకో మునుపటి పెళ్లి వల్ల కలిగిన పిల్లలుంటే, పౌరుల కేటగిరీలో ఆ పిల్లలు తల్లి లేదా తండ్రి ఫైల్ వెనకాలే రాలేరు. ప్రతి బిడ్డకీ వేరే ఐ-130 వేయాలి. ఈ పెళ్లి జరిగేనాటికి ఆ బిడ్డకి 18 నిండకుండా ఉండాలి. పిటిషన్ వేసిన రోజు వయసునే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి 21 నిండకముందే వేసేయాలి. ఈ జంటకే విదేశంలో పుట్టిన పిల్లల దారి వేరు. పౌరులైన తల్లి లేదా తండ్రి ఆ బిడ్డ పుట్టకముందు మొత్తం ఐదేళ్లు, అందులో 14 ఏళ్ల వయసు తర్వాత కనీసం రెండేళ్లు, అమెరికాలో గడిపి ఉంటే బిడ్డ పుట్టుకతోనే పౌరుడు. అలాంటి బిడ్డకి ఇమిగ్రెంట్ వీసా అక్కర్లేదు. కాన్సులేట్‌లో జననాన్ని నమోదు చేయించి పాస్‌పోర్ట్ తీసుకోవాలి.

పెళ్లి తేదీని కూడా ఒకసారి చూసుకోవాలి. అమెరికాలో ఇమిగ్రెంట్‌గా అడుగుపెట్టే రోజుకి పెళ్లయి రెండేళ్లు దాటకపోతే వచ్చేది షరతులతో కూడిన రెండేళ్ల కార్డు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి షరతులు తీయించుకోవాలి. రెండేళ్లు నిండితే నేరుగా పదేళ్ల కార్డే. వీసా గడువు అనుమతిస్తే, రెండో పెళ్లిరోజు దాటాక విమానం ఎక్కడం వల్ల ఆ తంటా మొత్తం తప్పుతుంది. వీసా మీద షరతుల కార్డుని సూచించే సీఆర్1 అని ముద్రించి ఉన్నా, దిగే రోజుకి రెండేళ్లు నిండాయని ఎయిర్‌పోర్టులో ఆఫీసర్‌కి మ్యారేజ్ సర్టిఫికెట్ చూపి, పదేళ్ల కార్డుని సూచించే ఐఆర్1గా మార్పించుకోవచ్చు.

అయితే ఆ గడువు ఎక్కువ కాదు. వీసా చెల్లుబాటు వైద్య పరీక్ష తేదీని బట్టి ఉంటుంది, మామూలుగా ఆరు నెలలు దాటదు. ఆ లోపు ఇల్లు ఖాళీ చేయాలి, ఉద్యోగం వదలాలి, సామాను పంపాలి. అన్నీ తెమలకపోతే కొందరు ముందు వెళ్లి ఎంట్రీ వేయించుకుని, మిగిలిన పనులకి తిరిగి వస్తారు. అలా రావడం తప్పేమీ కాదు. బయట ఉండేది ఆరు నెలలు దాటితే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటేలా ఉంటే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే ఐ-131 దరఖాస్తు వేసి, తిరిగి రావడానికి ముందస్తు అనుమతి, అంటే రీ-ఎంట్రీ పర్మిట్, తీసుకోవాలి. బయటి నుంచి దానికి దరఖాస్తు చేసే వీలు లేదు. 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కట్టాక కార్డు అమెరికా చిరునామాకే పోస్టులో వస్తుంది. కాబట్టి మొదటిసారి దిగినప్పుడు ఇచ్చే చిరునామాలో, ఆ కవరు వచ్చే రోజున అందుకునే మనిషి ఒకరు ఉండాలి.